ఫ్రాన్స్ కోట చూసొచ్చిన బావకు గోల్కొండ ఎట్లా చూపించాలి?

అత్తాపూర్ తమ్ముడు:

అందరికీ నమస్తే. విషయం చిన్నదే కానీ పరువుకు సంబంధించింది, కాస్త ఓపిగ్గా చదవండి.

మా అక్కా బావా ఆరేళ్ళ నుంచి ఫ్రాన్స్‌లో టూలూజ్ దగ్గర ఉంటున్నారు. బావ అక్కడ నీటి సరఫరా పనుల్లో ఇంజినీరు. సెలవులకు వచ్చి పది రోజులైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే కార్కసోన్ పురాణం. అది వాళ్ళ ఊరికి గంట దూరంలో ఉన్న పాతకాలం కోట అట. రెండు వరసల గోడలు, 52 బురుజులు, కొన్ని బురుజుల మీద బోర్లించిన గరాటా లాంటి కప్పులు, లోపల రాళ్ళు పరిచిన సందులు, చిన్న చిన్న ఇళ్ళు, చర్చి. ఫొటోలు చూస్తే నిజంగానే బాగుంది, కాదనను. అన్నం తినేటప్పుడు కూడా ఫోన్ ముందుకు జరిపి చూపిస్తుంటే మాత్రం చిరాకేసింది.

సరే మనకేం తక్కువ అని మొన్న ఆదివారం గోల్కొండకు తీసుకుపోయాను. తప్పంతా నాదే, ముందే ఒప్పుకుంటున్నా. ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నరకు, కారులో. ఫతే దర్వాజా దగ్గరే ముప్పావుగంట ఇరుక్కుపోయాం. లోపల, కింద కొడితే గుట్టపైన వినబడే ఆ చప్పట్లు కొట్టించాను, మెట్లు ఎక్కించాను, సగంలో అమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయింది. పైదాకా వచ్చిన బావ నాలుగు దిక్కులా చూసి, "బాగుందిరా, కానీ ఇది రాళ్ళ కుప్ప. వాళ్ళయితే మళ్ళీ కట్టి నిలబెట్టేవాళ్ళు" అన్నాడు. లోపల ఎంత కాలిందో చెప్పలేను. పుట్టి పెరిగింది అత్తాపూర్‌లో, చిన్నప్పటి నుంచి ఓ పదిసార్లు పోయుంటాను, అయినా ఎదురు చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.

వచ్చే శనివారం ఇంకో అవకాశం ఇచ్చాడు. ఏం చూపించాలి, ఎటునుంచి పోవాలి? అక్కడిలాగా కోట చుట్టూ ఊరు, నడిచి చూసే సందులు మనకు ఉన్నాయా? అమ్మ కూడా వస్తానంటోంది, మెట్లు మాత్రం ఎక్కలేదు.

లంగర్‌హౌస్ పెద్దాయన:

తమ్ముడూ, మీరు బావగారికి గోల్కొండ చూపించలేదు, బాలాహిసార్ చూపించి పంపించారు. హైదరాబాదులో నూటికి తొంభై మంది చేసేది ఇదే. టికెట్ కొని ఎక్కే ఆ గుట్ట, ఆ బారాదరి, అది కోట నడిమధ్య ఉన్న రాజుగారి భాగం. అసలు కోట మీరు ముప్పావుగంట ఇరుక్కున్నారే, ఆ దర్వాజా దగ్గర మొదలవుతుంది. 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్న బయటి గోడ మొత్తం ఒక ఊరిని చుట్టుకుని ఉంది, ఆ ఊళ్ళో ఈ రోజుకీ వేలమంది కాపురం ఉంటున్నారు. మీరు హారన్ కొడుతూ దాటేసిన వెల్డింగ్ షాపు, పాల డెయిరీ, ట్యూషన్ సెంటరు, అన్నీ కోటలోపలివే. "కోట చుట్టూ ఊరు ఉందా" అని అడిగారు చూడండి, ఆ ఊళ్ళోంచే కారు తోలుకుంటూ పోయారు మీరు.

శనివారం పొద్దున ఏడు గంటలకల్లా ఫతే దర్వాజా బయట బండి ఆపండి. కారు లోపలికి తేవద్దు, మళ్ళీ చెబుతున్నా, తేవద్దు. నడవండి. దర్వాజా తలుపులకు ఇనుప మేకులు చూపించండి, ఏనుగులు తలతో గుద్దకుండా పెట్టినవి. దారి తిన్నగా ఉండదు, వంకర తిరుగుతుంది. పరిగెత్తుకొచ్చే సైన్యం ఊపు అక్కడే చచ్చిపోవాలని అట్లా కట్టారు. 1687లో ఔరంగజేబు ఈ గోడల ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఫిరంగులతో సొరంగాలతో కానిది చివరికి డబ్బుతో అయింది, లోపలి సర్దారు ఒకడు అమ్ముడుపోయి రాత్రిపూట తలుపు తీశాడు. గోడ ఓడిపోలేదు, మనిషి ఓడిపోయాడు అని మా నాన్న చెప్పేవాడు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే.

అక్కడి నుంచి బజారు రోడ్డు మీదుగా బాలాహిసార్ దాకా నింపాదిగా నడవండి. కటోరా హౌజ్ చూడండి, గిన్నె ఆకారంలో తవ్విన పాత చెరువు. బాలాహిసార్ దర్వాజా పక్కన జామా మసీదు ఉంది, 1518లో కట్టింది. దాన్ని కట్టించిన, కుతుబ్‌షాహీ వంశానికి మొదటివాడైన సుల్తాన్ కులీని 1543లో, బాగా ముసలితనంలో, నమాజు చేస్తుండగా చంపించారు, చంపించింది కన్నకొడుకే అంటారు. దర్వాజా మీద సున్నంతో చేసిన సింహాలు, నెమళ్ళు ఉంటాయి, తల ఎత్తితేనే కనబడతాయి. చప్పట్ల హడావుడిలో ఎవరూ తల ఎత్తరు.

బావగారిది ఫ్రాన్స్ అన్నారు కాబట్టి ఇంకో మాట చెవిలో వేయండి. టవెర్నియే అని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చాడు. మన దేశంలో కొన్న ఒక నీలం వజ్రాన్ని 1668లో వాళ్ళ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఇప్పుడు అమెరికాలో మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం దాన్నుంచి కోసిందే. గోల్కొండలో గని లేదు, సంత మాత్రమే. గనులు కృష్ణ ఒడ్డున, కొల్లూరు వైపు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

సున్నం గానుగ:

"వాళ్ళయితే మళ్ళీ కట్టేవాళ్ళు" అన్నారట కదా మీ బావగారు. నిజమే, కట్టారు. ఆ కథ ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను పాత కట్టడాల రిపేరు సైట్లలో పని చేసినవాణ్ణి, అందుకే ఈ మాట వింటే ఆగలేను, కాస్త పొడుగవుతుంది.

1659లో ఫ్రాన్స్, స్పెయిన్ రాజీకొచ్చి సరిహద్దు దక్షిణానికి జరిగాక కార్కసోన్ పని అయిపోయింది. రాళ్ళు ఊడదీసుకుపోయారు, రెండు గోడల మధ్య ఖాళీలో పేదోళ్ళు గుడిసెలు, ఇళ్ళు వేసుకున్నారు. 19వ శతాబ్దం మధ్యలో ప్రభుత్వమే దాన్ని కూల్చేద్దామనుకుంది. ఊళ్ళోవాళ్ళు, కొందరు పెద్దమనుషులు గొడవ చేస్తే ఆగింది. 1853లో వియొలె ల్యుదుక్ అనే ఆర్కిటెక్టుకు పని అప్పజెప్పారు. ఆయన 1879లో చనిపోయాక కూడా శిష్యులు దశాబ్దాల పాటు కట్టుకుంటూ పోయారు. అంటే మీ బావ ఫోన్‌లో ఉన్న కోటలో గోడలు చాలావరకు పాతవే అయినా, ఆ కప్పులు, బురుజుల పైభాగాల్లో చాలా వాటి వయసు మన హైకోర్టు భవనం కంటే ఓ యాభై అరవై ఏళ్ళు ఎక్కువ, అంతే. ఆ గరాటా కప్పులు పలక రాయితో వేసినవి, అది మంచు పడే ఉత్తరాది పద్ధతి. ఆ దక్షిణాదిలో వాడుకలో ఉన్నది కొద్దిపాటి వాలుతో ఎర్ర పెంకు. ఈ తగాదా ఆయన బతికి ఉన్నప్పుడే మొదలైంది, ఇప్పటికీ తెగలేదు, కొన్ని బురుజులకు పలక తీసేసి మళ్ళీ పెంకు వేశారు కూడా. ఇంకో సంగతి, గోడల మధ్య ఉన్న ఆ పేదోళ్ళ ఇళ్ళన్నీ కూల్చి వాళ్ళను పంపించేశారు. ఇప్పుడు ఆ గోడల లోపల రాత్రి పడుకునేవాళ్ళు పట్టుమని వందమంది ఉండరు, మిగతా అంతా హోటళ్ళు, దుకాణాలు, టూరిస్టులు.

వియొలె ల్యుదుక్ తప్పు చేశాడని నేననను. ఆయన లేకపోతే ఆ కోటే లేదు. కాకపోతే "మళ్ళీ కట్టడం" అంటే ఎవరో ఒకరి ఊహ కట్టడం. కూలిన బురుజు మీద కప్పు ఎట్లా ఉండేదో తెలియనప్పుడు, ఊహించి కట్టాలా, తెలిసినంత వరకే నిలబెట్టి ఆగాలా అన్నదే ఈ వృత్తిలో అసలు పేచీ.

దీనికి మన దగ్గర జవాబు చూపించాలంటే బంజారా దర్వాజా దాటి కుతుబ్‌షాహీ సమాధులకు పోండి, కిలోమీటరు కూడా ఉండదు. 2013 నుంచి దాదాపు పదకొండేళ్ళు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అక్కడ పని చేసింది, 2024లో పూర్తయింది. 106 ఎకరాలు, వంద దాకా కట్టడాలు. అక్కడ మొదట చేసింది కట్టడం కాదు, పీకడం. 20వ శతాబ్దంలో మనవాళ్ళు మంచి అనుకుని పూసిన సిమెంటు అంతా చెక్కి తీశారు. సిమెంటు గాలి ఆడనివ్వదు, గోడలో చేరిన చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలి రాతి కట్టు, పాత సున్నం పనితనం పొడిపొడి అవుతాయి. తీసేసిన చోట మళ్ళీ గానుగ సున్నమే వేశారు. సున్నాన్ని వారాల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి, బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు పోస్తారు. చేతిలోకి తీసుకుంటే వెన్నలా జారాలి, వేళ్ళకు ఇసుక తగలకూడదు. మా తాత దాన్ని డంగు సున్నం అనేవాడు, నల్గొండ పక్క మా పాత ఇంట్లో ఆ గోడకు మేకు కొట్టబోతే మేకే వంగిపోయేది.

అక్కడి బడీ బావోలి, అంటే పెద్ద మెట్లబావి, తప్పకుండా చూపించండి. 2013 వానలకు ఒక పక్క గోడ మొత్తం బావిలోకి కూలింది. పడిన రాళ్ళు పైకి తెచ్చి, పాత పద్ధతిలోనే మళ్ళీ పేర్చారు, ఇప్పుడు వాననీళ్ళు నిలుస్తున్నాయి. అక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది.

ఇంకొకటి మరిచిపోయా. ఆయన నీళ్ళ ఇంజినీరు అన్నారు కదా, మరి బాలాహిసార్‌లో మట్టి గొట్టాలు చూపించలేదా? అరెరె.

అత్తాపూర్ తమ్ముడు:

చూపించలేదన్నా, మట్టి గొట్టాలు ఉన్నాయనే నాకు తెలియదు. ఎక్కడుంటాయి?

ఇంకో డౌటు. సమాధులు రిపేరు చేశాక కొత్త పెళ్ళికొడుకులా తెల్లగా ఉన్నాయి, పాతదనం పోయింది అని మా ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. బావ అదే మాట అంటే ఏం చెప్పాలి?

సున్నం గానుగ:

గొట్టాలు ప్రత్యేకంగా ఒక్కచోట ఉండవు, పైకి ఎక్కేటప్పుడు గోడ పెచ్చులు ఊడిన చోట చూడండి. కుండ మట్టితో కాల్చిన గొట్టాలు ఒకదాని మూతిలో ఒకటి దూర్చి, చుట్టూ సున్నంతో బిగించి, గోడలో పూడ్చేశారు. విరిగిన చోట గుండ్రంగా, ఎర్రగా, మూకుడు అంచులా కనబడతాయి. దుర్గం చెరువు నుంచి కోటకు నీళ్ళు వచ్చేవి. అవునండీ, ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి మీద జనం సెల్ఫీలు దిగే దుర్గం చెరువే. కోటకు వచ్చాక అంచెలంచెలుగా చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి తోడేవాళ్ళు. పైన నిండిన తొట్టి నుంచి దానంతటదే కిందికి, ఈ గొట్టాల్లోంచి మహళ్ళకూ ఫౌంటెన్లకూ పారేది. కరెంటు లేదు, మోటారు లేదు. సుమారు 400 అడుగుల గుట్ట అది.

తెలుపు సంగతి: సున్నం కొత్తగా వేస్తే తెల్లగానే ఉంటుంది, కట్టిన రోజు కూడా అట్లాగే ఉండుంటుంది. మనం పాతదనం అనుకున్న ఆ నలుపులో చాలా భాగం నాచు, పొగ, సిమెంటు మరక. నాలుగు వానలు పడనివ్వండి, రంగు దానంతటదే దిగుతుంది. మీ ఆఫీసాయన మాటలో పూర్తిగా తప్పు లేదు, కంటికి అలవాటు పడటానికి టైం పడుతుంది. ఒకప్పుడు ఆ గుమ్మటాల మీద రంగురంగుల మెరుగు పలకలు ఉండేవి. కొన్ని ముక్కలే మిగిలాయి, మిగిలిన చోట వాటిని అట్లాగే ఉంచారు చూడండి.

ముక్కుసూటి:

అందరూ ఒకటే పొగుడుతున్నారు, నేను కాస్త నీళ్ళు చల్లుతా. ఆ బజారు రోడ్డు నడిపించడం అంటే బైకుల మధ్య నడిపించడమే, ఫుట్‌పాత్ అనేది లేదు. కటోరా హౌజ్ నేను చూసినప్పుడు నీళ్ళు కనపడలేదు, గుర్రపుడెక్క, చెత్త, ఒక పక్క మేకలు. గోడ పక్కన ఎక్కడ చూసినా ఖాళీ సీసాలు. ఫ్రాన్స్ నుంచి వచ్చినాయన అవి చూడడా? చూస్తాడు, అవే ఫొటో తీస్తాడు. ముందే చెప్పి తీసుకుపోండి, లేకపోతే ఇంకో ఆరేళ్ళు వినాలి.

నిజంగా శుభ్రంగా రిపేరు చేసిన కోట, పక్కనే పల్లెటూరు కావాలంటే దోమకొండకు పోండి. కామారెడ్డి జిల్లా, నిజామాబాద్ హైవే మీద పోయి లోపలికి తిరగాలి, పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు. సంస్థానం వాళ్ళ గడి, 18వ శతాబ్దం నాటిది కాబట్టి అంత పాతది కాదు, కానీ లోపల మహాదేవుడి గుడి కాకతీయుల తీరులో ఉంటుంది. దానికీ అదే 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. ప్రైవేటు ఆస్తి, వెళ్ళే ముందు లోపలికి రానిస్తారో లేదో కనుక్కోండి. మేము కనుక్కోకుండా పోయి గేటు బయట చెట్టు కింద పులిహోర తిని వచ్చాం.

ఖిలా లోపలి ఇల్లు:

నేను ఈ ముచ్చట్లలోకి రాకూడదనుకున్నా, కానీ చెత్త, మేకలు అన్నారు కాబట్టి రాస్తున్నా. ఆ మేకల్లో రెండు మా పక్కింటివి.

మా తాత తండ్రి కాలం నుంచి మేము గోడ లోపలే ఉంటున్నాం. మా దొడ్డి గోడకు అవతల కోట గోడ, మధ్యలో మూడడుగుల సందు. బయటివాళ్ళకు ఇది కోట, మాకు ఇల్లు. పురాతన కట్టడాల రక్షణకు పెట్టిన 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించాక రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. రూలు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, అది లేకపోతే ఈపాటికి గోడకు ఆనుకుని ఐదంతస్తులు లేచేవి. కొన్ని లేచాయి కూడా, అవి ఎట్లా లేచాయో అడక్కండి. మా ఇంటి రేకులు కారుతుంటే మార్చుకోవడానికి కాగితం పెట్టి రెండు వానాకాలాలు ఆగాం. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసు పేరు చెబుతారు. రెండో వానాకాలం అమ్మ వంటింట్లో గొడుగు పట్టుకుని చపాతీలు చేసింది, ఉత్త మాట కాదు, ఫొటో ఉంది నా దగ్గర. పైన సున్నం గానుగ అన్న ఫ్రాన్స్‌లో గోడల మధ్య ఇళ్ళు తీసేశారని రాశాడు కదా, అది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

చెత్త ఉంది, నిజమే. సీసాలు మాత్రం మావి కావు, అవి శనాదివారాలు పైకెక్కి సూర్యాస్తమయం చూసేవాళ్ళవి. గోడ మీద పేర్లు, గుండె బొమ్మలు గీకేది కూడా వాళ్ళే.

తమ్ముడూ, నీకు నిజంగా ఊరు చూపించాలంటే ఆషాఢంలో తీసుకురా. హైదరాబాదులో బోనాలు మొదలయ్యేది ఇక్కడే, లంగర్‌హౌస్ నుంచి తొట్టెల ఊరేగింపు బయలుదేరి గుట్టమీద జగదాంబ అమ్మవారి గుడికి వస్తుంది. ఆ నెలలో ఆదివారాలు, గురువారాలు ఈ సందులు చూడాలి. నెత్తిన బోనంతో ఆడవాళ్ళు, డప్పులు, పోతురాజు, పక్కనే మసీదు ముందు నిలబడి దారి ఇచ్చే ముసలాయన. టికెట్ కౌంటర్ దగ్గర దొరకదు ఇది. ఇప్పుడు ఆషాఢం కాదు కాబట్టి, శనివారం పొద్దున వస్తే మీ అమ్మగారిని మా ఇంట్లో కూర్చోబెట్టండి. మా అమ్మకూ మోకాళ్ళే, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి విషయం ఉంటుంది. మీరు పైకి పోయి రండి. ఇక్కడ ఫోన్ నంబరు పెట్టను, విడిగా మెసేజ్ చేయండి.

ఒకే మాట, సందుల్లో ఇళ్ళ గుమ్మాలు ఫొటో తీసేముందు అడగండి. మొన్న ఒకాయన మా చెల్లి బట్టలు ఆరేస్తుంటే తీసి, పైన ఏదో కవిత్వం రాసి పెట్టాడు.

ఓరుగల్లు ఆడబిడ్డ:

ఊరున్న కోట అంటే మా ఖిలా వరంగల్ ఎవరికీ గుర్తు రాలేదా? మట్టికోట, దాని లోపల రాతికోట, రెంటి మధ్య ఇప్పటికీ పొలాలు, ఇళ్ళు. నడిమధ్య నాలుగు కాకతీయ తోరణాలు, పైకప్పు లేని చోట గుమ్మాలు మాత్రం నిలబడి ఉన్నాయి, వాటి నీడలో పిల్లలు క్రికెట్ ఆడతారు. మెట్లు తక్కువ, అమ్మగారు హాయిగా నడవొచ్చు. పైగా గోల్కొండ కూడా మొదట కాకతీయుల మట్టికోటే, గొల్ల కొండ అనే పేరు నుంచి వచ్చిందంటారు. రాతితో పెంచింది తర్వాత వచ్చిన కుతుబ్‌షాహీలు. కాబట్టి పెద్దరికం మాదే, బావగారికి చెప్పండి.

లంగర్‌హౌస్ పెద్దాయన:

ఓరుగల్లు బిడ్డా, ఒప్పుకున్నాం, పెద్దరికం మీదే. తమ్ముడూ, ఒకే రోజులో అన్నీ పెట్టుకోవద్దు. ఫతే దర్వాజా, బజారు, బాలాహిసార్, మధ్యాహ్నం సమాధులు, అంతే. కోటకు ఆనుకుని ఉన్న నయా ఖిలాలో పెద్ద బావోబాబ్ చెట్టు, హాతియాన్ కా ఝాడ్ అంటారు, అది ఇంకోసారికి ఉంచండి. అది గోల్ఫ్ కోర్సు లోపలికి పడింది, లోపలికి పోనిస్తారో లేదో అడిగి పోవాలి. రామదాసు చెర మాత్రం వదలొద్దు. గోపన్నను పన్నెండేళ్ళు పెట్టారని చెప్పే గది. లోపల గోడ మీద ఆయనే చెక్కాడంటున్న సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడు. మీ అమ్మగారికి ఎట్లాగైనా దాన్ని చూపించగలిగితే చూపించండి, మెట్లు మొత్తం ఎక్కనక్కర్లేదు.

అత్తాపూర్ తమ్ముడు:

పోయొచ్చాం. అందరికీ దండాలు. రిపోర్టు రాయకపోతే బాగుండదు.

ఏడున్నరకు చేరాం. పొద్దున ఆ రోడ్డు నాకే కొత్తగా ఉంది. షట్టర్లు సగం లేపి ఉన్నాయి, ఒకాయన బల్ల మీద రోటీలు పేరుస్తున్నాడు, స్కూలు ఆటోలో పిల్లలు కోట దర్వాజా లోంచి బయటికి పోతున్నారు, వాళ్ళకది మామూలు గేటు. బావ మేకుల తలుపు దగ్గర నిలబడ్డాడు కానీ మొదట ఏమీ అనలేదు. కటోరా హౌజ్ గురించి ముక్కుసూటి గారు చెప్పినట్టు ముందే చెప్పాను. చూసి, "దీన్ని బాగు చేయొచ్చు, పెద్ద పనేం కాదు" అని అరగంట లెక్కలు వేశాడు. వజ్రం సంగతి చెప్తే ఫోన్ తీసి వెతికి చూసుకున్నాడు, నన్ను నమ్మలేదన్నమాట. కార్కసోన్ కప్పుల సంగతి కూడా చెప్పాను. అది తనకు ముందే తెలుసన్నాడు. అక్క మాత్రం వెనక నుంచి తల అడ్డంగా ఊపింది.

అమ్మను ఖిలా లోపలి ఇంట్లో దించి మేము పైకి పోయాం. మట్టి గొట్టం మూడో మలుపు దగ్గర దొరికింది. గోడ పెచ్చు ఊడిన చోట, నా బొటనవేలు పట్టేంత రంధ్రం, చుట్టూ ఎర్రటి మట్టి అంచు, దాని చుట్టూ గట్టిపడిన సున్నం. లోపల ఎవరో చాక్లెట్ కాగితం కుక్కారు. బావ ముందు ఆ కాగితం పీకి జేబులో పెట్టుకున్నాడు, తర్వాత వంగి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. ఆ తర్వాత నలభై నిమిషాలు మేము కదల్లేదు. జాయింటు ఎట్లా వేశారు, ఒత్తిడికి ఎట్లా తట్టుకుంది, మట్టి గొట్టం పగిలితే గోడ పగలగొట్టకుండా ఎట్లా బాగు చేసేవాళ్ళు, అన్నీ తనే అడగడం, తనే చెప్పుకోవడం. మెట్లు ఎక్కేవాళ్ళు గైడ్ అనుకుని చుట్టూ మూగారు. ఒకావిడ ఎంత తీసుకుంటారని అడిగింది కూడా.

బడీ బావోలి దగ్గర కూడా అదే వరస. సమాధుల తెలుపు గురించి మాత్రం "కొంచెం ఎక్కువే" అన్నాడు, నేనేం వాదించలేదు.

కిందికి వచ్చేసరికి అమ్మా, ఖిలా వాళ్ళ అమ్మగారూ గుమ్మంలో కూర్చుని మేక పిల్లకు ఆకులు పెడుతున్నారు. మోకాళ్ళకు ఏదో నూనె రాసిచ్చిందట ఆవిడ. అమ్మ రామదాసు చెర చూడలేదు, మళ్ళీ వస్తానంది, చెరసాల కోసమో నూనె కోసమో తెలియదు. రేకులు మార్చారు, ఇప్పుడు కారడం లేదట.

బావ ఫోన్ చూపించడం మానలేదు. నిన్న రాత్రి మా చిన్నాన్న వాళ్ళు వస్తే మళ్ళీ కార్కసోన్ ఫొటోలే తీశాడు, కాకపోతే మధ్యలో ఆ గొట్టం ఫొటో పదకొండు ఉన్నాయి, ఒకే గొట్టం, పదకొండు వైపుల నుంచి.

పెద్దాయన గారూ, ఒక్క తప్పు చేశాను, ఒప్పుకుంటున్నా. అమ్మ కోసమని కారు లోపలికే తెచ్చాను. ఫతే దర్వాజా మలుపులో ఎదురుగా వాటర్ ట్యాంకర్ వచ్చింది, ఎడమ పక్క సైడ్ మిర్రర్ పోయింది. అటువైపు మంచి మెకానిక్ ఎవరైనా తెలిస్తే చెప్పగలరా?